అచ్చుశాలలో పెరిగిన కుమారుడు : ఆర్నాల్డ్ బెనెట్ ‘క్లేహాంగర్’ నవలాపరిశీలనము

పాత తెలుగు గ్రంథముల ముఖపత్రములతో పరిచయముగల పరిశోధకులకు ‘అండ్ సన్స్’, ‘అండ్ బ్రదర్స్’ అను మాటలు క్రొత్తవి కావు. రాజమహేంద్రవరమున కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్, మదరాసున వేదము వేంకటరాయశాస్త్రి అండ్ బ్రదర్స్ మున్నగు పేర్లు మన గ్రంథసూచికలలో తరచుగా కానవచ్చుచుండును. వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు 1854లో నెలకొల్పిన ముద్రణాలయము వారి కుమారులు వేంకటేశ్వరశాస్త్రులుగారి చేతికి వచ్చి యెంత విస్తరించినదో తెలియని తెలుగు విద్యార్థి యుండడు. ఆ పుస్తకముల పాఠములను మనము సరిచూచితిమి, ముద్రణదోషములను ఏరితిమి, ప్రచురణకాలములను నిర్ణయించితిమి. కాని ముఖపత్రముపై నున్న ‘సన్స్’ అను ఆ బహువచనము లోపల ఎవరు పెరిగిరి, ఎట్లు పెరిగిరి, పెరుగుటకు ఇష్టపడిరా లేదా యను ప్రశ్న మనకు తోచలేదు. మాకును చిరకాలము తోచలేదు. ఆంగ్లమున ఆర్నాల్డ్ బెనెట్ 1910లో ప్రకటించిన ‘క్లేహాంగర్’ అను నవలను రెండవమారు చదువుచుండగా తోచినది. మొదటిమారు చదివినపుడు దానిని ప్రేమకథగా చదివితిమి. అది మా తప్పు.

కథ సంగ్రహముగా నిట్టిది. ఇంగ్లండు మధ్యభాగమున స్టాఫర్డుషైరు మండలమున కుండలు, పింగాణిపాత్రలు చేయు పట్టణములు ఆరు కలవు. బెనెట్ వానిలో నొకదానిని విడిచి ‘అయిదు పట్టణములు’ అని పేరిడి, బర్స్‌లెమ్‌ను బర్స్‌లీ యని మార్చి, తన ప్రసిద్ధనవలలకు రంగస్థలము చేసికొనెను. ఆ బర్స్‌లీలో డేరియస్ క్లేహాంగర్ అనునతడు ముద్రాపకుడు, కాగితముల వర్తకుడు. ముందు అంగడి, వెనుక అచ్చుశాల, అక్కడనే నివాసము. భార్య చనిపోయినది. కుమార్తెలు ఇద్దరు, మ్యాగీ, క్లారా. వారి నడుమ ఒక్కడే కుమారుడు ఎడ్విన్. 1872వ సంవత్సరము జూలైమాసమున, పదునాఱవయేడు నిండవచ్చిన ఎడ్విన్ బడికి స్వస్తి చెప్పి యింటికి వచ్చుటతో కథ మొదలగును. అతనికి భవనశిల్పి కావలెనని కోరిక. తండ్రికి అట్టి కోరిక యొకటి ఉండవచ్చునను ఊహయే లేదు. కుమారుడు అంగడిలోనికి వచ్చును. అది సూర్యుడు ఉదయించునంత సహజము. ఎడ్విన్ నోటితో చెప్పలేక ఉత్తరము వ్రాసి తండ్రికి తెలియజేయును. తండ్రి మండిపడును, అంతకంటె ఎక్కువగా గాయపడును. నేను ఇదంతయు ఎవరికొఱకు కట్టితిని అను ప్రశ్నకు పదునేడేండ్లయినను నిండని బాలునియొద్ద సమాధానము లేదు. అతడు లొంగిపోవును. తరువాతి యిరువది సంవత్సరముల కథ ఆ లొంగుబాటునకు వ్యాఖ్యానము.

తండ్రికొడుకుల విరోధమును చిత్రించు గ్రంథములు ఆ దశాబ్దమున ఆంగ్లమున మఱికొన్ని వెలువడినవి. శామ్యూల్ బట్లర్ నవల ‘ది వే ఆఫ్ ఆల్ ఫ్లెష్’ అతని మరణానంతరము 1903లోను, ఎడ్మండ్ గాస్ స్వీయకథ ‘ఫాదర్ అండ్ సన్’ 1907లోను వచ్చినవి. వీనిని మూటిని ఒక గుంపుగా బోధించుట ఆంగ్లశాఖలలో ఆచారము. ఈ వర్గీకరణము పైకి బాగుగనే యున్నను ఒక ముఖ్యభేదమును మఱుగుపఱచునని మా యభిప్రాయము. బట్లర్, గాస్ గ్రంథములలో తండ్రికిని కొడుకునకును నడుమ నిలిచినది మతవిశ్వాసము. విశ్వాసమును విడిచిన కుమారుడు దానిని విడిచి బయటికి నడువగలడు. వాని యన్నమునకు లోటు రావచ్చునుగాని వాడు నిరాకరించినది ఒక భావమును. ‘క్లేహాంగర్’లో నడుమ నున్నది ఒక అంగడి. దానికి అద్దె కలదు, పనివారు కలరు, అప్పులు రావలసినవియు తీర్పవలసినవియు కలవు. ఎడ్విన్ తినుచున్న రొట్టె ఆ యంత్రమునుండియే వచ్చుచున్నది. దానిని నిరాకరించుట యనగా తన దేహమును పోషించిన వస్తువునే నిరాకరించుట. ఇది సిద్ధాంతవాదమువలన తేలెడి తగవు కాదు.

ఈ నవలకు ఆయువుపట్టు మొదటి భాగమున ‘ది చైల్డ్-మ్యాన్’ అను అధ్యాయము. బెనెట్ కథను నిలిపి, వెనుకకు మరలి, డేరియస్ బాల్యమును చెప్పును. ఏడేండ్ల వయసున డేరియస్ కుండలశాలలో పనికి కుదిరెను. వాని పని అచ్చులను మోయుట. పనివాడు మట్టిని అచ్చులో నొత్తి యిచ్చుచుండగా దానిని తీసికొని కాగుచున్న పొయ్యిగదిలోనికి పరుగెత్తి, ఆరబెట్టి, వట్టి అచ్చులతో మరల పరుగెత్తి రావలెను. తెల్లవారకముందే వచ్చి పొయ్యి రాజేయవలసినవాడును వాడే. కూలి వారమునకు ఒక షిల్లింగు. కుండలశాలలకు కర్మాగారముల చట్టము వర్తించినది 1864లో మాత్రమే యని జ్ఞాపకముంచుకొన్నచో ఈ వర్ణనమున అతిశయోక్తి లేదని తెలియును. పిమ్మట కుటుంబము దారిద్ర్యముపాలై అనాథశాలకు పోవలసివచ్చును. 1834 నాటి పేదల చట్టము తరువాత ఏర్పడిన ఆ యనాథశాలలను జనులు ‘బాస్టిల్’ అని పిలుచుచుండిరి. చెఱసాల యని భావము. అక్కడినుండి వారిని విడిపించినవాడు ఆదివారపుబడి ఉపాధ్యాయుడు షుషన్స్.

ఈ అధ్యాయమునకు మూలము కలదు. చార్లెస్ షా అను వృద్ధుడు ‘వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్’ అను పేర తన బాల్యస్మృతులను వ్రాసి, ‘ఒక వృద్ధ కుమ్మరి’ అను మాటుపేరుతో 1903లో పుస్తకముగా ప్రకటించెను. బెనెట్ దానినుండి ధారాళముగా గ్రహించెను. ఇది విమర్శకులు చాలకాలముగా ఎఱిగినదే. కొందఱు దీనిని లోపముగా నెన్నిరి. మాకు ఇది లోపముగా కనబడదు. షా గ్రంథమున బాల్యము చెప్పుచున్నవాడు ఆ బాల్యమును అనుభవించినవాడే. మనము వానిని వినుచున్నాము. బెనెట్ ఆ సామగ్రినే గ్రహించి, అనుభవించినవాని నోటిని మూసివేసెను. డేరియస్ తన కథను కుమారునకు చెప్పడు. అనాథశాల మాట వాని నాలుకపైకి రాదు. పాఠకునకు తెలిసినది, ఒకే బల్లవద్ద భోజనము చేయుచున్న కుమారునకు తెలియదు. మూలమునుండి బెనెట్ చేసిన ఈ యొక్క మార్పే షా స్మృతులను నవలగా చేసినది. గ్రహణమును గూర్చి వ్రాయు పరిశోధకవిద్యార్థులు, ఏమి గ్రహింపబడినది అను పట్టికతో తృప్తిపడక, గ్రహించినదానిని ఎవరి నోట పెట్టెను, ఎవరి చెవికి దూరము చేసెను అని పరిశీలింపవలెనని మా సూచన.

డేరియస్‌కు తన అంగడి నిత్యము ఒక అద్భుతము. అనాథశాలలో నుండిన తాను నేడు యజమానినై యుండుట అతడు ప్రతిదినమును నమ్మలేక నమ్ముచుండును. ఎడ్విన్‌కు అదే యంగడి ఊరిలోని చర్చివలె, వీధివలె, తాను పుట్టకముందునుండియు ఉన్న వస్తువు. తండ్రి కట్టినాడను సంగతి తెలియును. కాని తెలియుట వేఱు, గోడను తాకి ఇది లేకుండెడిది యని గ్రహించుట వేఱు. కుటుంబవ్యాపారమున పెరిగిన బాలుని మనఃస్థితిని ఇంతకంటె సూక్ష్మముగా పట్టిన ఘట్టము మేము చదివిన నవలలలో లేదు. తండ్రి సిగ్గుచే చెప్పడు. చెప్పకపోవుటచే కుమారునకు కృతజ్ఞత కలుగదు. కృతజ్ఞత లేమిని చూచి తండ్రి రోషించును. రోషమును చూచి కుమారుడు తండ్రిని క్రూరుడనుకొనును. ఇందు ఎవ్వరును అబద్ధమాడలేదు.

డేరియస్ నిరంకుశుడనుట నిజమే. పెండ్లి చేసికొనదలచి జీతము పెంచుమని అడిగిన యువకుని అవమానించి పంపిన తండ్రిని సమర్థించు ఉద్దేశము మాకు లేదు. అయినను వానిని నిరంకుశుడని మాత్రమే బోధించు ఉపాధ్యాయులు ‘ది చైల్డ్-మ్యాన్’ అధ్యాయమును దాటవేసి బోధించుచున్నారని మాకు అనుమానము.

ఇక బడిని గూర్చి. నవలారంభమున ఎడ్విన్ కాలువపై నున్న వంతెనయొద్ద నిలిచి పడవలను చూచుచుండును. ఆ పడవలలో వచ్చుచున్నది మట్టి. ఇంగ్లండు నైరృతికొననుండి సముద్రమార్గమున వచ్చి, అక్కడినుండి కాలువమీద ఈ పట్టణములకు చేరుచున్నది. తన ఊరు బ్రదుకుచున్నదే ఆ మట్టివలన. మంచి బడిలో చదివిన ఈ బాలునకు ఆ మట్టి ఎక్కడిదో, ఇక్కడికే ఏల వచ్చుచున్నదో ఎవరును చెప్పలేదు. బెనెట్ వ్యంగ్యము ఇక్కడ మిక్కిలి పదునుగా నున్నది, న్యాయముగను ఉన్నది. చీరాలలోనో పోచంపల్లిలోనో మగ్గముల చప్పుడు నడుమ పెరిగి కళాశాలకు వచ్చిన విద్యార్థిని, మీ యింటి నూలు ఏ మిల్లునుండి వచ్చును, సరుకు ఎవరికి పోవును అని మనము ఏ పాఠమునందైన అడిగితిమా? ఆసు పోయుట, కండెలు చుట్టుట, పడుగు సాగదీయుట వాని చేతికి తెలియును. మన పాఠ్యపుస్తకమునకు తెలియదు. ఇది ప్రస్తుతమునకు కొంత దూరమైనను చెప్పక మానలేకపోతిమి.

అచ్చుశాలలో ఎడ్విన్ మొదటి దినములను బెనెట్ ప్రీతితో వర్ణించును. ఫోర్‌మన్ జేమ్స్ యార్లెట్, అందఱిచే ‘బిగ్ జేమ్స్’ అని పిలువబడువాడు, మందరస్వరముతో పాడు గాయకుడు, అక్షరములను కూర్చుటలో దిట్ట. యజమాని కుమారుని యెడ వాని ప్రవర్తనమున గౌరవమును చనువును ఎంత పాళ్లలో కలసియున్నవో గమనింపదగినది. రేపు తనకు యజమాని కాబోవు బాలునకు నేడు పని నేర్పవలసినవాడు ఎట్లు మాటలాడును? కుటుంబవ్యాపారములన్నిటను ఉండు ఈ చిక్కును బెనెట్ ఒక్క సంభాషణముతోనైనను పేర్కొనక, బిగ్ జేమ్స్ నిలుచు తీరులోనే చూపించెను. పిమ్మట క్రొత్తగా కొనిన భారీయంత్రము బరువునకు మేడపై నేల కుంగుట, ఆ క్షణమున ఎడ్విన్ బుద్ధిసూక్ష్మతచే ఆపద తప్పుట యను ఘట్టము వచ్చును. ఈ ఘట్టమును సాహసకథగా చదువరాదు. భవనశిల్పి కావలెనని కలగను బాలుడు, ఒక నేల ఎంత బరువు మోయగలదను ప్రశ్నను తండ్రి అచ్చుశాలలోనే ఎదుర్కొనెను. తండ్రి పొగడెను. ఆ పొగడ్తయే సంకెల యయ్యెను. తాను ఈ స్థలమునకు ఉపయోగపడుదునని కుమారుడు మొదటిసారి తెలిసికొన్న దినము అది.

ఇంతవఱకు చెప్పినదంతయు ప్రశంస. లోపమును ఇప్పుడు చెప్పవలెను, అది చిన్నది కాదు. మొదటి భాగము ఎడ్విన్ లొంగుబాటుతో ముగియును. రెండవ భాగము తెఱచునప్పటికి ఏడేండ్లు గడచినవి. ఒక అధ్యాయమునకు పేరే ‘ఏడేండ్ల తరువాత తండ్రియు కొడుకును’. ఆ యేడేండ్లలో ఏమి జరిగినది? బాలుడు పనివాడైనది అప్పుడే. లెక్కలు వ్రాయుట, పనికి ఎంత యగునో అంచనా కట్టుట, ప్రూఫులు దిద్దుట, సరుకు ఆలస్యమైన ఖాతాదారునకు సర్దిచెప్పుట, వారాంతమున పనివారికి జీతములు పంచుట, ఇవన్నియు నేర్చినది అప్పుడే. కుటుంబవ్యాపారమున పెరుగుట యను విషయమునకు అసలు కాలము ఆ యేడేండ్లు. బెనెట్ వానిని ఒక్క ఎగురుతో దాటెను. రెండవ భాగమున ఎడ్విన్ నేర్పరియైన ముద్రాపకుడు. ఎట్లయ్యెనో మనము చూడలేదు. ప్రేమకథకు త్వరపడి నవలాకారుడు తన విషయమునే వదలెనని మేము చెప్పవలసివచ్చుచున్నది. మొదటి భాగమున అంత సజీవముగా నున్న అచ్చుశాల పిమ్మట క్రమముగా వెనుకకు తొలగి, తెరపై చిత్రింపబడిన గోడవలె నయ్యెను.

మఱియొక లోపము మ్యాగీ విషయమున. తల్లిలేని యింటిని ఆమె నడుపును. జీతము లేదు, కనీసము ఎడ్విన్‌వలె అడిగి అవమానింపబడు అవకాశమును లేదు, అడుగుట యను ఊహయే ఆమెకు కలిగినట్లు కథలో కానరాదు. ఎడ్విన్ కోరిక భగ్నమగుట విషాదముగా ఎన్నబడినది. మ్యాగీకి కోరిక యున్నదా యని నవల గట్టిగా ప్రశ్నింపదు. బెనెట్ ఆమెను చూడలేదని కాదు. చూచెను, జాలిపడెను, ముందుకు సాగెను. మన శాసనచరిత్ర తెలిసినవారికి ఇది వింతగా తోచదు. ఆంధ్రప్రదేశమున అవివాహితయైన కుమార్తెకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారునితో సమానమైన జన్మహక్కు 1985లోను, కుమార్తెలందఱికిని దేశమంతటను 2005లోను మాత్రమే శాసనబద్ధమైనది. ‘అండ్ సన్స్’ అను ఫలకముపై ఆమె పేరు ఎన్నడును లేదు.

శాసనప్రసక్తి వచ్చినది గనుక ఇంకొక మాట. డేరియస్ ఆస్తి స్వార్జితము. మన మితాక్షరన్యాయము ప్రకారమును అట్టి యాస్తిని తండ్రి తనకు తోచినట్లు ఇచ్చుకొనవచ్చును. కావున ఎడ్విన్ మన దేశమున పుట్టియున్నను వాని స్థితి అంతగా మాఱెడిది కాదు. కాని కుటుంబధనముతో చదివిన కుమారుడు వేఱొక విద్యావృత్తి చేపట్టినచో ఆ సంపాదనము ఎవరిదను వివాదము మన న్యాయస్థానములలో చాలకాలము నడచినది. 1930 నాటి విద్యార్జిత శాసనముతో అది సంపాదించినవానిదే యని తేలినది. ఎడ్విన్ ఉత్తరములోని ప్రశ్న మన యిండ్లలోను లేవకపోలేదనుటకు ఆ వివాదములే సాక్ష్యము.

మూడవ భాగమునకు బెనెట్ ‘అతని స్వాతంత్ర్యము’ అని పేరిడెను. ఆ స్వాతంత్ర్యము ఎట్లు వచ్చినది? షుషన్స్ ఉపాధ్యాయుడు ముదిమిలో దిక్కులేక అనాథశాలలోనే మరణించును. తన్ను అక్కడినుండి తప్పించినవాడు అక్కడనే చచ్చెనని విని డేరియస్ కూలిపోవును, మెదడు చెడును. తాళపుచెవులు కొడుకు చేతికి వచ్చును. చెక్కులపై సంతకము చేయు అధికారము వచ్చును. ఒకనాడు, నీవు ముసలివాడవై నా చేతికి చిక్కినప్పుడు చూతమని మనసున పండ్లు కొఱికిన కుమారునకు ఆ దినము రానే వచ్చినది. కాని పగతీర్చుకొనుటకు అక్కడ తండ్రి లేడు. పుట్టగొడుగులు పెంచవలెనని పసివానివలె పట్టుపట్టు వృద్ధుడొకడు కలడు. ఎడ్విన్ జాలిపడును, విసుగుకొనును, విసుగుకొన్నందుకు సిగ్గుపడును. 1902లో మరణించిన తన తండ్రి ఈనక్ బెనెట్ చివరి దినములను రచయిత ఇందు వినియోగించెను. ఈనక్ ముద్రాపకుడు కాడు. కుమ్మరిపనియు వర్తకమును చూచి, నడివయసున చదివి న్యాయవాదియైనవాడు. ఆర్నాల్డ్ తండ్రి కార్యాలయమున పనిచేసి, 1889లో లండనుకు పోయి తప్పించుకొనెను. తప్పించుకొనిన కుమారుడు, తప్పించుకొనలేని కుమారుని కథ వ్రాసెను. ఎడ్విన్ యెడ బెనెట్ చూపిన ఓర్పునకు కారణము ఇందున్నదేమో.

వర్జీనియా వుల్ఫ్ 1924లో చేసిన ప్రసంగమును ఇచ్చట తప్పింపరాదు. ‘క్లేహాంగర్’ తరువాతి సంపుటమైన ‘హిల్డా లెస్‌వేస్’ నవలను ఎత్తిచూపి, బెనెట్ ఇండ్లను, అద్దెలను వర్ణించునేగాని మనుష్యుని పట్టలేడని ఆమె వాదించెను. ఆమె ధాటికి బెనెట్ కీర్తి చాలకాలము తలయెత్తలేదు. మన విశ్వవిద్యాలయములలో సైతము ఆ తీర్పు చదివినవారు ఎక్కువ, ఆ నవలలు చదివినవారు తక్కువ. ‘హిల్డా లెస్‌వేస్’ విషయమున ఆమె మాటలో కొంత సత్యము లేకపోలేదు. ‘క్లేహాంగర్’ విషయమున ఆ వాదము నిలువదని మా నిశ్చయము. ఇల్లును అంగడియు ఒకే కప్పుక్రింద నున్న కుటుంబమున, గోడను వదలి మనిషిని వర్ణించుట సాధ్యము కాదు. డేరియస్ మనసులో ఏమున్నదో తెలియవలెనన్నచో అతడు అచ్చుయంత్రమువంక చూచు చూపును వర్ణింపవలెను. అద్దె కట్టక మఱునాటి అన్నమునకు సంశయింపవలసినవాని అంతరంగమున అద్దె లేకుండునా?

భాగముల పేర్లను మరల చూడుడు : వృత్తి, ప్రేమ, స్వాతంత్ర్యము, నాలుగవది ‘జీవితారంభము’. కథ ముగియవచ్చుచుండగా, ముప్పదియైదేండ్ల వయసున, ఎడ్విన్‌కు జీవితము ఆరంభమగునట! హాస్యమా, సత్యమా యని తేల్చుట కష్టము. తరువాతి సంపుటము ‘దీజ్ ట్వెయిన్’లో అతడు తండ్రికంటె పెద్ద ముద్రాపకుడై లితో ముద్రణశాల నడుపును, భవనశిల్పము మాట మఱి రాదు. 1918లో వచ్చిన ‘ది రోల్-కాల్’లో మాత్రము హిల్డా మొదటి సంబంధమువలన కలిగిన కుమారుడు జార్జి, క్లేహాంగర్ రక్తము ఒక్కబొట్టైనను లేనివాడు, లండనున భవనశిల్పి యగును.